చిట్టి రెండో చెవి

ఇప్పుడైతే ఎవరికి ఏ పిచ్చి ఉన్నా, అదే పిచ్చి ఉన్నవాళ్ల గుంపు ఒకటి ఫోనులో దొరుకుతుంది. మనం ఒక్కళ్లమే కాదన్న ధైర్యం కూడా దాంతోపాటే దొరుకుతుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ వసతి ఇంతగా లేదు. ఎవరి పిచ్చిని వాళ్లు ఒంటరిగా, కాస్త గర్వంగా, కాస్త దొంగతనంగా మోసుకుని తిరిగేవాళ్లం. తిరుపతిలో ఒక దినపత్రిక డెస్కులో సబ్ ఎడిటర్‌గా కుదురుకుంటున్న నాకు అప్పట్లో పట్టుకున్నది మ్యాజిక్ సామాన్ల పిచ్చి. మ్యాజిక్ పిచ్చి అనడం లేదు, గమనించండి. సామాన్ల పిచ్చి. ఈ రెండూ వేరువేరు జబ్బులని నాకు తెలిసిరావడానికి ఒక ఐదేళ్ల ఆడపిల్ల, ఒక ముసలి ఆచారి, ఒక క్యారెట్టు కలిసి పనిచేయవలసి వచ్చింది.

మొదలైంది చెన్నైలో. ఏదో పని మీద వెళ్లి, తిరుగు రైలుకు ఇంకా వేళ ఉందని స్టేషన్ ఎదుటి సందుల్లో తిరుగుతుంటే ఒక ఇరుకు అంగడి కనిపించింది. అంగడాయన నా కళ్ల ముందే ఒక ఎర్ర రుమాలును పిడికిట్లో కుక్కి, పిడికిలి విప్పి ఖాళీ చెయ్యి చూపించాడు. నేను నిర్ఘాంతపోయాను. మామూలు మనిషైతే రుమాలు ఎక్కడికి పోయిందని అడుగుతాడు. నేను "ఇది ఎంత?" అని అడిగాను. నా రోగమంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది. ఆ తర్వాత చెన్నై నుంచి, కలకత్తా నుంచి పార్సిళ్లు రావడం మొదలైంది. అడుగు లేని గిన్నెలు, రెండు అడుగులున్న గిన్నెలు, ఒకదాన్నొకటి మింగే గొట్టాలు, అతుకు కనిపించని ఇనుప వలయాలు. కొర్లగుంటలో నా అద్దె గదిలోని బీరువా నిండిపోయి, సామాను మంచం కిందికి పాకింది. ప్రతి వస్తువుకూ ఒక నంబరు చీటీ, నోటుబుక్కులో ఒక వరస. వస్తువుతో పాటు ఒక కాగితం వస్తుంది, దాన్ని ఎలా చేసి చూపించాలో చెప్పే కాగితం. అది నలిగిపోతుందని వస్తువు నుంచి విడదీసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, విడిగా ఫైలులో దాచేవాణ్ణి. చాలా పెట్టెలకు సీలు కూడా తీయలేదు. తీస్తే కొత్తదనం పోతుంది కదా! (పుస్తకానికి అట్ట వేసి, ఆ అట్ట చిరుగుతుందని పుస్తకం తెరవని పిల్లవాణ్ణి మీరు ఎక్కడో చూసే ఉంటారు. వాడికి ఉద్యోగం వచ్చి నెలనెలా జీతం చేతికందితే ఎలా ఉంటాడో, అది నేను.)

ఆఫీసులో నన్ను 'మాయల సారు' అనేవాళ్లు. "ఒకటి చేసి చూపించు సామీ" అని టీ వేళ ఎవరో ఒకరు అడిగేవాళ్లు. ఇక్కడ వెలుతురు చాలదనీ, చూసేవాళ్లు మరీ దగ్గరగా కూర్చున్నారనీ, ఇలాంటివి నలుగురిలో చేస్తే విద్య పలచబడుతుందనీ రోజుకొకటి చెప్పేవాణ్ణి. చేయకపోయే కొద్దీ నా మీద గౌరవం పెరిగింది. ఊళ్లో రిటైరైన డ్రాయింగు మాస్టారు ఒకాయన ఉండేవాడు. జేబులో ఒక తాడుముక్క పెట్టుకుని, కనిపించిన ప్రతివాడి ముందూ దాన్ని కోసి అతికించేవాడు. పాపం, ఆయన దగ్గర ఉన్నది ఆ ఒక్కటే అని నేను మనసులో జాలిపడేవాణ్ణి. నా దగ్గర నూట అరవై మూడు ఉన్నాయి మరి.

ఇలా సాగుతుండగా పలమనేరు నుంచి మా అక్క ఫోను చేసింది. అక్కావాళ్లకు పాడి ఉంది. బావకు ఆవుల సంగతి తప్ప వేరే మాట తెలియదు. వాళ్లకు ఒక్కతే కూతురు, ఇంటిల్లిపాదికీ చిట్టి. ఆ చిట్టి చెవుల కథ కొంచెం చెప్పాలి. మా వైపు ఆడపిల్లకు చెవులు కుట్టేటప్పుడు మేనమామ ఒడిలో కూర్చోబెడతారు. అంతకు ముందు సంవత్సరం అలాగే నా ఒడిలో కూర్చోబెట్టారు. బంగారం పనిచేసే ఆచారి కుడిచెవి కుట్టాడు. ఏం జరిగిందో చిట్టికి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక నా మణికట్టు కొరికి, ఒడిలోంచి జారి, పరుగున పోయి కొట్టంలో ఆవుల కాళ్ల మధ్య నిలబడింది. లోపలికి ఎవరు అడుగుపెట్టినా ఆవులు బెదిరి తన్నడానికి వచ్చేవి. వాటి మధ్య చిట్టి మాత్రం భద్రంగా ఉంది. ఇంతలో రాహుకాలం వచ్చేసింది. ఎడమచెవి అలాగే మిగిలిపోయింది. అప్పటినుంచి పిల్ల ఒక్క కమ్మతో తిరుగుతోంది. బడిలో తోటి పిల్లలు 'ఒంటికమ్మ' అని పేరు కూడా పెట్టారట.

"రేయ్ అబ్బోడా," అంది అక్క ఫోనులో, "శుక్రవారం మళ్లీ పెట్టుకున్నాము. పదిన్నరకు రాహుకాలం, ఆ లోపల అయిపోవల్ల. ఈసారీ కాలేదంటే ఉన్న కమ్మ కూడా తీసేయమంటా ఉండాది మా అత్త. ఒంటి చెవి పిల్లను నలుగురిలోకి ఎట్ల పిలుచుకుని పోయేది అంటాది."

"చిట్టి ఏమంటుంది?"

"ఏమంటాది? రెండో కమ్మను కుంకుమ బరిణెలో పెట్టుకోనుండాది. దినామూ అద్దం ముందర నిలబడి చెవికి ఆనించి సూసుకుంటాది. కమ్మ కావల్లంట, కుట్టద్దంట. ఎంత ఆశ ఉండాదో అంత బయమూ ఉండాది బిడ్డకు. నీ సామాన్లలో మంచిదొకటి పట్టుకురారా. అది సూస్తా ఉంటే ఆచారి పని ఆయన చేసుకుంటాడు."

"అక్కా, అది అంత సులభం కాదు..."

"నూటరవై ఉండాయంటివే! నా బిడ్డకు ఒక్కటీ పనికిరాదా?"

"నూట అరవై మూడు," అని సరిదిద్దాను. పత్రికలో పనిచేసేవాడికి అంకె తప్పు పోతే ఓర్చుకోవడం కష్టం. ఆ దిద్దుబాటునే అక్క నా ఒప్పుకోలుగా తీసుకుని ఫోను పెట్టేసింది.

గురువారం ఆఫీసు నుంచి వచ్చి బీరువా ముందు నిలబడ్డాను. బస్సులో పట్టేంత చిన్నది కావాలి, పెట్టె అందంగా ఉండాలి. నేను ఎంచుకున్న పద్ధతి ఇదీ. పిల్లకు నచ్చేదేది, నాకు చేతనయ్యేదేది అన్న ఆలోచన రాలేదు. చివరికి ఎనభై ఏడో నంబరు తీశాను. నల్లరంగు వేసిన చెక్క చట్రం, పలక కంటే చిన్నది. దానికి పైనొక రంధ్రం, కిందొక రంధ్రం, రెండింటి మీదుగా జారే ఒక రేకు. కింది రంధ్రంలో క్యారెట్టు పెట్టి, పై రంధ్రంలో వేలు పెట్టి రేకును నొక్కితే క్యారెట్టు రెండు ముక్కలవుతుంది, వేలికి ఏమీ కాదు. పెట్టె మీద బొమ్మలో కోటు వేసుకున్నాయన వేలు పెట్టి నవ్వుతున్నాడు. చాలా హుందాగా ఉంది. చెవి కుట్టించుకోవడానికి భయపడే పిల్లకు కోసే యంత్రం పట్టుకెళుతున్నానన్న సంగతి నాకు ఆ క్షణాన తట్టనేలేదంటే ఇప్పుడు నాకే నమ్మబుద్ధి కాదు.

తెల్లవారగానే పలమనేరు బస్సెక్కాను. చిత్తూరు బస్టాండులో బస్సు కాసేపు ఆగినప్పుడు, ఒకసారి కాగితం చదువుకుందామని పెట్టె సీలు తీశాను. చట్రం ఉంది. కాగితం లేదు. పెట్టెను తిరగేసి దులిపాను. లేదు. అప్పుడు గుర్తొచ్చింది: కాగితం నాలుగో ఫైలులో ఉంది. ఫైలు బీరువాలో ఉంది. బీరువా తాళంచెవి నా జేబులో ఉంది. గదికి కూడా తాళం వేసి వచ్చాను. అంత శ్రద్ధగా, అంత పద్ధతిగా, నలగకుండా దాచుకున్న పాపానికి ఆ వస్తువును ఎలా వాడాలో తెలియకుండా ప్రయాణం చేస్తున్నాను. వేలు కోసుకుపోకుండా ఉండడానికి ఎక్కడో ఒక మీట ఉంటుందని మాత్రం తెలుసు. అది ఎక్కడుందో చట్రమంతా తడిమినా దొరకలేదు. పక్కసీటులో టమాటా బుట్ట ఒడిలో పెట్టుకున్న ఆవిడ చాలాసేపు చూసి, "ఎర్రగడ్డలు కోసేదా అబ్బా అది?" అని అడిగింది. ఉల్లిపాయలు కోసేది కాదన్నాను. "మరి దేనికి?" అంది. నాకు తెలియదని చెప్పలేక కిటికీలోంచి బయటికి చూశాను.

అక్క ఇల్లు చేరేసరికి వాకిట్లో షామియానా, నలభై యాభై మంది చుట్టాలు, లోపలి నుంచి ఓళిగల వాసన, బొబ్బట్లను మా వైపు అలాగే అంటారు. బావ నా భుజం మీద చెయ్యి వేసి అందరికీ వినబడేలా "మా బామ్మర్ది వచ్చినాడప్పా! తిరపతిలో పేరు మోసిన మెజీషియను. ఈ పొద్దు మన ఇంట్లో షో!" అని చాటించాడు. నేను నీరసంగా నవ్వితే అది వినయం అనుకున్నారు. వాకిలి మూల ఒక చాప మీద ఆచారి కూర్చుని ఉన్నాడు, పోయినేడు వచ్చినాయనే. డెబ్బై ఏళ్లకు దగ్గర పడిన బక్క మనిషి. పక్కన చిన్న రేకు పెట్టె. ఎవరితోనూ మాట్లాడడం లేదు. చిట్టి పట్టుపావడా కట్టుకుని, చేతిలో కుంకుమ బరిణె పట్టుకుని నా దగ్గరకు వచ్చింది. "మామా, నువ్వు మ్యాజిక్కు చేస్తే నొప్పి ఉండదంట కదా?" అంది. ఉండదన్నాను. అబద్ధాలు చెప్పడానికి నాకు ఎప్పుడూ సామాను అవసరం కాలేదు.

పది గంటలకు నన్ను నడిమధ్యలో నిలబెట్టారు. పిల్లలు ముందు, ఆడవాళ్లు వెనక, మగవాళ్లు గోడ వారన. చట్రాన్ని పైకెత్తి చూపించాను. గొంతు సవరించుకుని, ఇప్పుడొక అద్భుతం చూడబోతున్నారని చెప్పి, కింది రంధ్రంలో క్యారెట్టు దూర్చాను. రేకును నొక్కాను. దిగలేదు. ఇంకా గట్టిగా, రెండు చేతులతో, పళ్లు బిగించి నొక్కాను. టప్పుమని క్యారెట్టు రెండు ముక్కలై, ఒక ముక్క దొర్లుకుంటూ పోయి చిట్టి కాళ్ల దగ్గర ఆగింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చిట్టి ఆ ముక్కను చూసింది. చట్రాన్ని చూసింది. ఆచారి వైపు చూసింది. మెల్లగా రెండు చేతులూ ఎత్తి రెండు చెవులూ మూసుకుంది.

"మామా, అది చెవులు కోసేదా?"

ఆ పిల్ల అడిగింది న్యాయమైన ప్రశ్న. చెవి కుట్టే వేళ, చెవి అంత క్యారెట్టును తెచ్చి, కళ్లెదుట ముక్కలు చేశాను. ముందు నోరు విప్పింది అక్క అత్తగారు. "ఇదేమి అన్యాయం అబ్బా! బిడ్డ బయం పోగొట్టమంటే కత్తి తెస్తివా?" అని గుండెల మీద చెయ్యి వేసుకుంది. "కత్తి కాదమ్మా, మ్యాజిక్కు," అన్నాడు బావ, ఆయన గొంతులోనూ నమ్మకం లేదు. చిట్టి అప్పటికే ఇంట్లోకి పరుగెత్తి మంచం కింద దూరింది.

చిట్టిని బయటికి తీసేసరికి పది ఇరవై. అక్క ఎత్తుకుని వచ్చి పీట మీద కూర్చున్న నా ఒడిలో పెట్టింది. పక్కకు వెళ్లేటప్పుడు అక్క నా ముఖంలోకి చూసిన చూపు నేను మరచిపోలేదు. తిట్టినా బాగుండేది. చిట్టి ఏడవడం లేదు, కొరకడం లేదు, పారిపోవడం లేదు. రెండు అరచేతులతో రెండు చెవులూ మూసుకుని, మోచేతులు డొక్కలకు బిగించి, రాయిలా కూర్చుంది. ఇద్దరు పెద్దవాళ్లు ఆ చేతులు తీయబోయారు. "బలవంతం సేయద్దు," అన్నాడు ఆచారి. ఆ రోజు ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. వచ్చి నా ఎడమ పక్కన గొంతుక్కూర్చున్నాడు. చేతులు రెండూ మోకాళ్ల మీద. ఖాళీ చేతులు. "టైము అయిపోతా ఉండాది ఆచారీ," అని ఎవరో వెనక నుంచి అరిచారు. ఆయన కదల్లేదు.

"చిట్టీ," అన్నాను పక్కనున్న చట్రాన్ని అందుకుని, "ఇది ఏమీ చేయదు, చూడు. నా వేలు పెడతాను. నీకే తెలుస్తుంది." ఇలా అంటున్నప్పుడు నాలో రెండు గొంతులు ఉన్నాయి. మేనమామ గొంతు మాట్లాడుతోంది. నాలుగో ఫైలులో ఉన్న కాగితం గుర్తొచ్చిన సబ్ ఎడిటరు గొంతు వద్దురా వద్దురా అంటోంది. ఎడమచేతి చూపుడువేలు పై రంధ్రంలో పెట్టి, కుడిచేత్తో రేకును నొక్కాను. భయంతో మెల్లగానే నొక్కాను. (ఆ రేకుకు నిజానికి పదును లేదు. క్యారెట్టును కోసింది మ్యాజిక్కు కాదు, నా బలమే.) రేకు సగం దాకా దిగి, వేలి కణుపు మీద బిగుసుకుని ఆగిపోయింది. కిందికి పోదు, పైకి రాదు. లాగాను. నొప్పి భుజం దాకా పాకింది.

"అమ్మా!" అని అరిచాను. అది నటన కాదని ఇక్కడ స్పష్టంగా రాసి పెడుతున్నాను.

షామియానా కింద గగ్గోలు పుట్టింది. "వేలు పోయిందే!" అని ఒక ఆడగొంతు. "రక్తం వస్తా ఉండాదా సూడు!" అని ఇంకొకటి. చిట్టి తల తిప్పి నా ముఖం చూసింది. తర్వాత వేలు చూసింది. అప్పుడు ఆ పిల్ల చెవుల మీది చేతులు రెండూ తీసి, చట్రాన్ని రెండు చేతులతో పట్టుకుని, కాళ్లు నా తొడకు తన్నిపెట్టి లాగడం మొదలుపెట్టింది. "గమ్మునుండు మామా, నేను తీస్తా, నేను తీస్తా," అంటూ పళ్లు బిగించి లాగుతోంది. నేను నా బాధలో నేనున్నాను. నా ఎడమవైపు గాలి కదిలినట్టు మాత్రం అనిపించింది. ఒక చెయ్యి వచ్చి పోయినట్టు.

"అయిపోయింది," అన్నాడు ఆచారి.

ఏమైపోయిందో ఎవరికీ తెలియలేదు. ఆయన ముందు కూర్చున్నట్టే కూర్చున్నాడు, చేతులు మోకాళ్ల మీదే ఉన్నాయి, ఖాళీగానే. చిట్టి ఎడమచెవిలో సన్నటి బంగారు తీగ మెరుస్తోంది. అక్క మొదట చూసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత అందరూ చూశారు. చిట్టి ఒక్కతే చూడలేదు, ఇంకా లాగుతోంది. కాసేపటికి ఏడుపు మొదలుపెట్టింది, చెవి కోసం కాదు, మామ వేలు రావడం లేదని. అప్పుడు పడ్డాయి చప్పట్లు. బావ పైకి గెంతి, "సూస్తిరా! నేను సెప్పలా? ఏమి యాక్షనప్పా వాడిది!" అన్నాడు. "నిజంగానే అరిసినాడనుకుంటి," అంది అక్క అత్తగారు, నా తల మీద చెయ్యి పెట్టి. చుట్టాలంతా నా దగ్గరకు వచ్చి భుజం తట్టారు. నేను నోరు తెరుచుకుని అందరినీ చూస్తూ కూర్చున్నాను. నా జన్మలో నేను ఇచ్చిన మొదటి ప్రదర్శన దిగ్విజయంగా ముగిసింది. నా వేలు ఇంకా రంధ్రంలోనే ఉంది.

అందరూ ఓళిగల వైపు కదిలాక ఆచారి నన్ను వెనక వసారాలోకి పిలిచాడు. రేకు పెట్టె తెరిచి, కొబ్బరి నూనె చుక్కలు వేసి, ఒక చిన్న పటకారుతో రేకును వెంట్రుకవాసి వెంట్రుకవాసి పైకి లేపసాగాడు. వేలు వంకాయలా ఉబ్బింది.

"మీ యాక్షన్ బాగుండాది సార్," అన్నాడు తల ఎత్తకుండా.

"యాక్షన్ కాదు ఆచారీ."

"తెలుసు సార్. వేలు వాచింది కదా." ఇంకో చుక్క నూనె వేసి అడిగాడు, "ఇట్లాంటివి ఇంకా ఉండాయా మీ దగ్గర?"

"నూట అరవై రెండు."

"అన్నీ వచ్చునా?"

నేను వాచిన వేలి వైపు చూసుకున్నాను. ఆయన రెండోసారి అడగలేదు. "నాకొకటే వచ్చు సార్," అన్నాడు. గొప్పగా అనలేదు, తక్కువ చేసుకునీ అనలేదు. పటకారు కింద పెట్టి కుడిచెయ్యి నా ముందు చాచాడు. అరచెయ్యి చూపించాడు, ఖాళీ. తిప్పి వెనకవైపు చూపించాడు, ఖాళీ. వేళ్లు విడదీశాడు. మళ్లీ తిప్పాడు. చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య, మొన తేలిన బంగారు తీగ నిలబడి ఉంది. నా ముఖానికి జానెడు దూరంలో, పట్టపగలు, మొలకు ఒక తుండుగుడ్డ తప్ప దాచుకోవడానికి ఏ చొక్కా చేతులూ లేని మనిషి. చెన్నైలో ఎర్ర రుమాలు మాయమైనప్పుడు కూడా అంత అదిరిపోలేదు.

"దీనికి నా దగ్గర నాలుగు రకాల పెట్టెలున్నాయి," అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

"పెట్టెలో ఉంటే సేతికి యాడొస్తాది సార్?" అన్నాడాయన నవ్వుతూ. "బిడ్డకు తీగ కనపడకూడదు. కనపడితే ఏడస్తాది. మా నాయన ఇది నేర్పించేదానికి రెండేండ్లు పట్టింది. అన్నం తినేటప్పుడు కూడా వేళ్ల సందులో ఈనెపుల్ల పెట్టుకోనుండమనేవాడు. కానీ దాచేది పెద్ద పని కాదు. బిడ్డ సూపు పక్కకు పోయేదాకా కూసోవల్ల, అదీ పని. పోయినేడు తప్పు నాదే. రాహుకాలమని అందరూ అరస్తా ఉంటే తొందరపడినా. ఒక చెవి కుట్టి ఒక చెవి ఇడిసిపెట్టిన బిడ్డ ఈ ఊర్లో నాకు ఇంకెవురూ లేరు సార్. ఈ పాప బడికి పోతా నా అంగడి ముందర పోయినప్పుడంతా తల దించుకునేవాణ్ణి."

అప్పటిదాకా ఆ రోజు పరువు పోయేది నా ఒక్కడిదే అనుకుంటూ ఉన్నాను. వేలు బయటికి వచ్చింది. ఆయన దాన్ని తుడిచి, పసుపు అద్ది, చట్రాన్ని కూడా శుభ్రంగా తుడిచి నా చేతికిచ్చాడు. "మంచి చెక్క సార్," అన్నాడు. దాన్ని గురించి ఆయన అన్న మాట అదొక్కటే.

ఆ తర్వాత నేను సామాన్లు కొనడం మానేశానని రాస్తే బాగుంటుంది గానీ, అది నిజం కాదు. ఇంకొన్నేళ్లు కొన్నాను. మార్పల్లా ఏమిటంటే పార్సిలు రాగానే సీలు తీయడం మొదలుపెట్టాను, కాగితాన్ని వస్తువుతోనే ఉంచడం మొదలుపెట్టాను. కొన్నాళ్లు ఆఫీసులో టైపు కొడుతూ వేళ్ల మధ్య ఈనెపుల్ల పెట్టుకుని కూడా చూశాను. వార్తల్లో అచ్చుతప్పులు ఎక్కువవుతున్నాయని మా ఇన్‌చార్జి పిలిచి అడిగేదాకా సాగింది ఆ సాధన. పలమనేరు వైపు మాత్రం నా కీర్తి నానాటికీ పెరిగింది. బావ చెప్పే కథలో నేను నిజంగానే వేలు కోసుకుని మళ్లీ అతికించుకున్నాను. ఎవరింట్లో చెవులు కుట్టినా "ఆ వేలు కోసుకునే మేనమామను పిలవండప్పా" అనేవాళ్లట. అంకె తప్పు పోతే ఓర్చుకోలేని నేను ఆ కథను ఒక్కసారీ దిద్దలేదు. ఆచారి కూడా దిద్దలేదు. ఆయన పోయి ఏడెనిమిదేళ్లయింది.

చిట్టి ఇప్పుడు తిరుపతిలోనే డిగ్రీ చదువుతోంది. హాస్టలు తిండి పడక ఆదివారాలు మా ఇంటికి వస్తుంది. మొన్న ఒక ఆదివారం తన స్నేహితురాలిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ అమ్మాయి బీరువాలోని సామాన్లన్నీ చూసి, "అంకుల్ పెద్ద మెజీషియనా?" అని అడిగింది. నేను వినయంగా నవ్వబోయాను, పాత అలవాటు కొద్దీ. "మా మామకా?" అంది చిట్టి. "అస్సలు రాదే! నా చెవి కుట్టినప్పుడు వేలు ఇరుక్కుని పెద్దగా అరిసినాడు."

నా నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. స్నేహితురాలు చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాక అడిగాను.

"అది నిజంగా ఇరుక్కుందని నీకు తెలుసా?"

"అప్పుడే తెలుసు మామా."

"ఎట్లా?"

"నీ మొగం సూస్తే తెలీదా? క్యారెట్టు కోసేటప్పుడే అనుకుంటి, ఈ మామకు రాదు పాపం అని."

"మరి ఇన్నేళ్లూ మీ నాయన అంత గొప్పగా చెబుతుంటే ఒక్కసారి కూడా అనలేదే?"

"నాయనకు అట్ల సెప్పుకునేది ఇష్టం కదా, సెప్పుకోనీ." పళ్లెంలో అన్నం వడ్డించుకుంటూ మామూలుగా అంది, "అయినా నీకు రాకపోబట్టే కదా మామా నేను సేతులు తీసింది. వచ్చింటే సెవులు మూసుకోని సూస్తా కూసుండేదాన్ని."

ఇరవై ఏళ్ల పిల్ల తన పప్పులో నెయ్యి వేసుకుంటూ ఉంది, నేను గరిటె పట్టుకుని నిలబడిపోయాను. తాళంవేసిన బీరువాలో కాగితం వదిలేసి బస్సెక్కి, చిత్తూరు బస్టాండులో చెమటలు పట్టి చట్రమంతా మీట కోసం తడుముతున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వూ వస్తుంది, ఏదో అవుతుంది కూడా. పక్కన కూర్చుని, వెతకద్దురా, దొరక్కపోతేనే మంచిది అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేవాడు కాదు. కాగితం నలగలేదు కదా అని మాత్రం అడిగేవాడు.